ప్లాస్టిక్ తీసిన మంచం

నలభై మూడు ఫోటోలు. ఒక్కొక్కటీ దించి, దుమ్ము తుడిచి, హాల్లోకి మోసుకెళ్ళి గోడకి ఆనించాను. చర్చి బట్టల్లో తాతలు, డిగ్రీ టోపీల్లో మేనకోడళ్ళు, పెళ్ళిళ్ళు, సమాధుల ముందు వరసగా నిలబడ్డ కుటుంబాలు. ఒక్కో ఫోటోకీ ఒక గవ్వల దండ. అంతమంది కళ్ళప్పగించి చూస్తుంటే మనిషికి నిద్రెలా పడుతుంది? మా ఆయన తమారువా గుమ్మంలో నిలబడి, పెద్దవాళ్ళని అలా నేలమీద పెడతావేమిటే అని గొణిగాడు. హాల్లో టీవీ ఉంది, వాళ్ళకీ కాలక్షేపం అవుతుంది అన్నాను.

నా పేరు అకైతి. మహాసముద్రం మధ్యన రారోటొంగా దీవిలో ఆరోరంగి మా ఊరు. మా ఇంటి ముందుగది గురించే ఈ గొడవంతా. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది అదే, సముద్రపు గాలి నేరుగా వచ్చేదీ అందులోకే. నేను కోడలిగా అడుగుపెట్టి ముప్ఫై నాలుగేళ్ళయింది, ఒక్క రాత్రి కూడా అందులో పడుకోలేదు. అది అతిథుల గది. ఆక్లండ్ నుంచి చుట్టాలొస్తే వాళ్ళది, పక్క దీవి నుంచి పాస్టరుగారొస్తే ఆయనది. ఎవరూ రాని రోజుల్లో దానికి తాళం, తాళంచెవి మేకుకి. వెనక గదిలో మా అబ్బాయి, కోడలు, ముగ్గురు పిల్లలు. నేనూ మా ఆయనా హాల్లో, సోఫా వెనక నుంచి లాగి పరుచుకునే స్పాంజి పరుపు మీద. మా ఊళ్ళో ఏ తలుపు తట్టినా ఇదే వరస.

ఏటా ఆడవాళ్ళ సంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తనిఖీ చేస్తారు. పెరడు, వంటిల్లు, పక్కబట్టలు అన్నీ చూసి మార్కులేస్తారు. మా ముందుగదికి మూడుసార్లు మొదటి బహుమతి వచ్చింది. ఎవరూ పడుకోని గదికి బహుమతి రాక ఏమవుతుంది చెప్పండి.

నేను ఇరవై ఆరేళ్ళు ఒడ్డుపక్క హోటల్లో గదులు సర్దాను. చివరికి ఆ పని చేసే ఆడవాళ్ళందరి మీదా పెద్దదాన్నయ్యాను. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు మర్నాడు పొద్దున్న కళ్ళు నులుముకుంటూ, ఇంత బాగా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో అనేవాళ్ళు. అదంతా సముద్రం మహిమ అనుకునేవాళ్ళు. సముద్రం మహిమా కాదు, పాడూ కాదు, నా చేతి మహిమ. మంచానికి ఎదురుగా అద్దం ఉండకూడదు. పడుకున్నవాళ్ళకి తలుపు కనబడాలి, తలుపు తీసినవాళ్ళకి పడుకున్నవాళ్ళ మొహం కనబడకూడదు. దీపం ఒక్కటే, అదీ తలకన్నా కింద. కంటికి ఆనేది ఎంత తక్కువుంటే రెప్ప అంత తొందరగా వాలుతుంది. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, పొద్దున్నే నలిగిన దుప్పట్లు చూసి నేర్చుకున్నాను.

అరవై నిండగానే హోటలు వాళ్ళు మెడలో పూలదండలేసి, కేకు కోయించి ఇంటికి పంపారు. ఆ పొద్దున కూడా పద్నాలుగు పక్కలు వేసి వచ్చాను. రాత్రి సోఫా వెనక నుంచి నా స్పాంజి పరుపు లాగుతుంటే నడుం పట్టేసింది. పిల్లలు టీవీ ముందు కొట్టుకుంటున్నారు. ఎదురుగా తాళమేసిన తలుపు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరూ పేరూ తెలియని వాళ్ళందరికీ పక్కలేశాను గానీ నాకంటూ ఒక పక్క వేసుకోలేకపోయానా? మర్నాడు పొద్దున్నే మేకు మీది తాళంచెవి తీశాను.

ఫోటోల తర్వాత ప్లాస్టిక్ పూలు, పింగాణీ సామాన్ల బీరువా, ట్యూబులైటు, ఎవరివో మూడు సూట్‌కేసులు, అన్నీ బయటికి నడిచాయి. గోడలకి ఎప్పటిదో ముదురు గులాబీ రంగుండేది. దానిమీద ఒడ్డున మోకాలి లోతులో నీళ్ళు ఏ రంగులో ఉంటాయో ఆ రంగు వేయించాను. కొట్టువాడు నాలుగు డబ్బాలు కలిపినా కుదరకపోతే చెయ్యి పట్టుకుని ఒడ్డుకి లాక్కెళ్ళి చూపించాను. విరిగిన కిటికీ అద్దాలు రెండు మార్పించాను. రోడ్డువైపున్న మంచాన్ని లోపలి గోడకి జరిపి, పొద్దుటి వెలుగు కాళ్ళవైపు నుంచి వచ్చేలా తిప్పాను. నేలమీద ఒకే ఒక్క మొగలాకు చాప.

ఇక పరుపు. దానికి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఇరవై ఒక్కేళ్ళుగా. వచ్చినవాళ్ళు పక్కకి ఒత్తిగిల్లినప్పుడల్లా చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు, హాల్లో ఉన్న మాకు వినబడేది. పరుపు పాడవకూడదని కవరు తియ్యలేదు, అంతే. కత్తెర తీసుకుని ఈ చివరనుంచి ఆ చివరకి చీల్చేశాను. ఆ రోజు మా ఆయన ఊళ్ళోకి వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చాడు.

అంతవరకూ ఊరు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది తివైవై సంగతి. తివైవై అంటే మా ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని నెలల తరబడి కుట్టే పక్కదుప్పటి. నాది మా అమ్మ కుట్టించింది, ఆకుపచ్చ గుడ్డ మీద తెల్లటి గంధరాజం పూలు, పద్నాలుగు నెలల పని. పెళ్ళికి ఇచ్చి, జాగ్రత్తగా దాచుకో, నువ్వు పోయినరోజు ఇందులోనే చుట్టాలి అని చెప్పింది. అలాగే దాచాను. పెళ్ళినాడోసారి, మా అబ్బాయికి పుట్టువెంట్రుకలు తీసినప్పుడోసారి బయటికొచ్చింది. మిగతా కాలమంతా కలరా ఉండల మధ్య పెట్టెలో ఉంది.

పెట్టె తెరిచి విప్పితే మడతల వెంబడి గుడ్డ పసుపు తిరిగింది. వేలు తగలగానే చిరుగుపట్టింది. నేలమీద కూలబడి ఏడ్చాను. నేను చావకముందే అది చచ్చిపోతోంది, దానికింద ఒక్క నిద్రైనా పోలేదు నేను. చచ్చాక నాకేమన్నా చలేస్తుందా? తర్వాత ముక్కు తుడుచుకుని సూదిలో దారం ఎక్కించాను. పదకొండు రోజులు మడత మడతకీ వెనక కొత్త గుడ్డ వేసి కుట్టాను. పన్నెండో రోజు మంచం మీద పరిచాను. నీళ్ళ రంగు గోడల మధ్య ఆ పూలు తప్ప గదిలో చూడ్డానికి ఇంకేమీ లేదు. చూడక్కర్లేదు కూడా.

సంఘం ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. రోజూ కప్పుకుంటుందట అని చెవులు కొరుక్కున్నారు. ఒకావిడ అయితే మొహం మీదే అంది, శవానికి కప్పేది మొగుడి పక్కన కప్పుకుంటే అరిష్టం కాదా అని. ముందు నువ్వూ కప్పుకుని చూడు, అరిష్టమో ఆనందమో తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఆ రాత్రి కిటికీలోంచి మా అత్తగారి సమాధి కనబడింది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళని ముంగిట్లోనే పెట్టుకుంటాం. తెల్లటి పలకలు, పైన చిన్న రేకు కప్పు. గాలి నా కాళ్ళమీదుగా వచ్చింది. గుండెలమీద చేతులేసుకుని తెల్లారేదాకా నిద్రపోయాను. మా ఆయన కూడా నిద్రపోయాడు, ఒప్పుకోడు గానీ.

సరిగ్గా మూడు వారాలు అనుభవించాను. అప్పుడొచ్చింది ఫోను.

మా చర్చికి నూరేళ్ళ పండగ. ఆక్లండ్ నుంచి మావాళ్ళు నలభైమంది బృందంగా వస్తున్నారు, పది రోజులుంటారు. వాళ్ళలో మా ఆడపడుచు తెపైరు, మా ఆయనకి అక్క, డెబ్బై ఏళ్ళ మనిషి. ఆక్లండ్‌లో నలభై ఏళ్ళు రాత్రిపూట ఆఫీసులు తుడిచింది. పగలు మొదట పిల్లల్ని, తర్వాత మనవల్ని చూసుకుంది. ఆవిడంటే నాకు గౌరవం లేకపోలేదు. కానీ మా ఆయన ఫోన్లో నన్ను అడగకుండానే, నీ గది నీకు సిద్ధంగా ఉంటుందక్కా అని మాటిచ్చేశాడు.

"మాటిచ్చేశానే," అన్నాడు నీళ్ళు నములుతూ. "పది రోజులేగా."

"మాట నీది, గది నాది. నీ మాట మీద పడుకోమను మీ అక్కని."

పది రోజులే అని వాళ్ళకి తెలిసిన లెక్క, నాకు తెలిసింది వేరు. ఒక్కసారి నా దిండు తీసి బయట పెట్టానంటే అది మళ్ళీ అతిథుల గది అవుతుంది. ఆవిడ వెళ్ళేలోపు ఇంకొకళ్ళు వస్తారు. తాళంచెవి మళ్ళీ మేకెక్కుతుంది, ఈసారి నేను పోయేదాకా దిగదు. అది నాకు తెలుసు.

పాస్టరుగారొచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళకి ఉన్నదాంట్లో మంచిది ఇవ్వడం మన ధర్మం కాదా అకైతీ అని మెల్లగా అడిగారు. అందరికీ వండుతాను, దండలు గుచ్చుతాను, పది రోజులూ వాళ్ళ బట్టలుతుకుతాను, నా చెవి కమ్మలడిగినా ఇస్తాను, మంచం మాత్రం ఇవ్వను అన్నాను. మొండిపట్టు అన్నారాయన. అవునండీ మొండిపట్టే, ఇన్నేళ్ళకి నాకు దొరికింది అదొక్కటే అన్నాను. ఆయన టీ పూర్తిగా తాగకుండానే లేచారు.

తెపైరు వచ్చింది. విమానాశ్రయంలో మెడనిండా దండలేశాను, కావిలించుకున్నాను, ఇద్దరం ఏడ్చాం. ఇంటికొచ్చాక సూట్‌కేసు లాక్కుంటూ నేరుగా ముందుగదిలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. గది మధ్య నిలబడి నాలుగు వైపులా చూసింది. ఫోటోలు, గులాబీ గోడలు, బీరువా అన్నీ ఏమయ్యాయని అడిగింది. హాల్లో ఉన్నాయని చెప్పాను. మంచం మీద పరిచిన తివైవై చూసి మొహం మాడ్చుకుంది. దిండు పక్కన నా కళ్ళజోడు చూశాక అర్థమైంది ఆవిడకి.

"నన్నెక్కడ పడుకోమంటావు?" అంది.

"హాల్లో వేశాను వదినా నీ పక్క. కొత్త పరుపు, దోమతెర కూడా కట్టాను."

ఆవిడ ఒంటికాలిమీద లేచింది. ఇల్లు ఇప్పుడు మీదే కావచ్చు, నేల మా అమ్మది, రాత్రుళ్ళు ఆఫీసుల్లో నేల తుడుస్తున్నప్పుడు ఈ గదినే తలుచుకునేదాన్ని, అమ్మ సమాధి పక్కన కిటికీ దగ్గర పడుకుందామని సముద్రం దాటొచ్చాను అంది. తమారువా గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఆవిడ తమ్ముడి మొహం చూసి, నా మొహం చూసింది.

"ఇది మా అమ్మ గదే. మా అమ్మ పడుకున్న మంచం ఇది. నువ్వెవరివి నన్ను పొమ్మనడానికి?"

అప్పటిదాకా ఈ మాట చెప్పకూడదనే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా మింగుకున్నదే కదా, ఇంకో పది రోజులు మింగలేకపోతానా అనుకున్నాను. మింగలేకపోయాను.

"మీ అమ్మ ఈ మంచం మీద ఒక్కసారే పడుకుంది వదినా. నువ్వు చూసిన రోజు."

ఆవిడకి అర్థం కాలేదు. వాళ్ళమ్మ పోయిన మర్నాడు తను విమానం దిగి వచ్చేసరికి, మంచం చుట్టూ తివైవైలు కట్టి, పూల మధ్య అమ్మని పడుకోబెట్టి ఉంచాం. అదే చూసింది. అదే అమ్మ గదనుకుంది, ఇన్నేళ్ళూ.

"మరి బతికున్నన్నాళ్ళూ?" అని అడిగింది.

"హాల్లో. నా పక్కన, చాప మీద. ఈ మంచం కొన్నదే మీరొస్తే పడుకుంటారని. రోజూ గది తుడిచేది, అంచుమీద కూడా కూర్చునేది కాదు. ఆవిడ పోయాక మేం ఎత్తి పడుకోబెడితే కింద ప్లాస్టిక్ చప్పుడైంది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. నేను మాత్రం ఈ గదిలోకి చచ్చి రాను వదినా. బతికుండగా వచ్చాను, ఇక్కడే ఉంటాను."

తెపైరు సూట్‌కేసు తిప్పుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. గెలిచానన్న సంతోషం ఏమీ లేదు. అన్నమాట తప్పని మాత్రం నాకనిపించలేదు.

తొమ్మిది రోజులు ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. చర్చిలో పాడుతుంది, విందుల్లో నవ్వుతుంది, ఇంటికొస్తే మౌనం. చామాకు కొబ్బరిపాలల్లో ఉడికించి పెట్టాను, అరటిపండు హల్వా చేశాను, తిని పళ్ళెం కడిగి పెట్టేసేది. పిల్లలు టీవీ పెట్టేవాళ్ళు, తెల్లారకుండానే ఎదురింటి కోళ్ళు మొదలెట్టేవి, ఎవరు నీళ్ళకి లేచినా ఆవిడ కాళ్ళు దాటుకునే వెళ్ళాలి. పొద్దున్నే కళ్ళకింద నల్లగా కనబడేది. ఊరంతా నా గురించే. ఆడపడుచుని హాల్లో పడేసిందట అని. చర్చిలో నేను కూర్చున్న బల్లమీద ఇద్దరు పట్టే చోటు ఖాళీగా ఉండేది. నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

పదో రోజు మధ్యాహ్నం మూడింటికి విమానం. పన్నెండింటికి సూట్‌కేసు సర్దుకుని తెపైరు నా గుమ్మం దగ్గరకొచ్చింది. నేను కిటికీ తుడుస్తున్నాను. నడుం నొప్పిగా ఉంది, వ్యాను వచ్చేదాకా ఒక్క గంట నడుం వాల్చనా అని అడిగింది. అడగడానికి ఆవిడకి ఎంత కష్టమైందో గొంతులో తెలిసింది. తివైవై తీసి మడతపెట్టబోయింది. వద్దన్నాను, దానికిందే పడుకో, అది పడుకోవడానికే అన్నాను. చెప్పులు విప్పి, పడుకుంది. నేను తెర లాగి బయటికొచ్చాను. తలుపు వేసేలోపే గుర్రు వినబడింది.

ఒంటిగంటన్నరకి వ్యాను వచ్చి హారను కొట్టింది. పరుగెత్తుకెళ్ళి డ్రైవరు చెయ్యి పట్టుకుని, ఇంకోసారి కొట్టావంటే నీ తాళాలు సముద్రంలో పడతాయన్నాను. బృందం ఆడవాళ్ళు దిగారు, పాస్టరుగారు దిగారు. లేపమన్నారు. లేపుదామనే గది దగ్గరకి వెళ్ళాను. నోరు కొంచెం తెరిచి, చెయ్యి చెంపకింద పెట్టుకుని చిన్నపిల్లలా నిద్రపోతోంది. నలభై ఏళ్ళు రాత్రిళ్ళు మేలుకున్న మనిషి. తలుపు మళ్ళీ దగ్గరగా వేసి దాని ముందు నిలబడ్డాను.

"అకైతీ, విమానం వెళ్ళిపోతుందమ్మా," అన్నారు పాస్టరుగారు.

"వెళ్ళనివ్వండి. రేపు ఇంకోటుంది. ఈ నిద్ర రేపు ఉండదు."

ఆడవాళ్ళు గొడవ మొదలెట్టారు. ముందు గది ఇవ్వనంది, ఇప్పుడు మనిషిని ఇవ్వనంటోంది, దీనికి పిచ్చెక్కిందన్నారు. ఒకావిడ నన్ను తోసుకుని లోపలికి వెళ్ళబోయింది. నేను కదల్లేదు. అప్పుడు తమారువా లేచాడు. ఈయన కూడా వాళ్ళవైపే అనుకున్నాను. ఆయన వ్యాను దగ్గరికి వెళ్ళి, అప్పటికే ఎక్కించేసిన వాళ్ళక్క సూట్‌కేసు దించి తెచ్చి నా పక్కన పెట్టి, దానిమీద కూర్చున్నాడు. వాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు.

మూడింటికి విమానం మా ఊరి పక్కనుంచే లేచింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. లోపల గుర్రు ఆగలేదు.

ఐదున్నరకి పిలిచింది. వెళ్ళేసరికి కప్పువైపు చూస్తూ పడుకునే ఉంది. టైమెంతని అడిగితే చెప్పాను. విమానం వెళ్ళిపోయిందని కూడా చెప్పాను. తిట్టడానికి నోరు తెరుస్తుందని కాచుకున్నాను. ఆవిడ కిటికీవైపు చూసింది. బయట వాళ్ళమ్మ సమాధి మీద సాయంత్రపు ఎండ పడుతోంది.

"అమ్మ ఎప్పుడైనా అందా, ఈ మంచం మీద పడుకోవాలనుందని?"

"అనలేదు. ఒకసారి చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందే అంది. మళ్ళీ దుప్పటి సరిచేసింది."

తెపైరు చాలాసేపు ఏడ్చింది. నేనూ మంచం అంచుమీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఆవిడ తివైవై గడ్డందాకా లాక్కుని అటు ఒత్తిగిల్లింది. పరుపు చప్పుడు చెయ్యలేదు. కవరేమైందని అడిగితే, కత్తెరతో చీల్చేశానని చెప్పాను.

"రాత్రికి మాత్రం హాల్లోనే వదినా," అన్నాను. "ఇది నా మంచం."

"తెలుసులేవే," అంది అటు తిరిగే. "ఆక్లండ్‌లో మా ఇంట్లోనూ ఒక గదికి తాళమేసి ఉంది. వెళ్ళగానే ఆ పరుపు కవరు చింపేస్తాను. ఎవడు అడ్డొస్తాడో చూస్తాను. ఆ కత్తెర ఇలా ఇవ్వు, సూట్‌కేసులో పెట్టుకుంటాను."